‘నివారణ’ అంటే రాకుండా ఆపడమా, వచ్చినదాన్ని పోగొట్టడమా?

ప్రశ్న: ఒక విజ్ఞాన వ్యాసంలో ‘గందరగోళ అయస్కాంత క్షేత్రాల మీద, మూత్రపిండాల ప్రాంతంలోని కణితుల మీద, వాటి నివారణ మీద పరిశోధనలు జరుగుతున్నాయి’ అన్న వాక్యం చదివాను. ఇక్కడ ‘నివారణ’ అంటే జబ్బు రాకుండా చూడడమా, నయం చేయడమా? ‘గందరగోళ’ అన్న విశేషణం తగినదేనా?

సమాధానం: ‘వద్దని వారించాడు’ అన్నప్పటి ‘వారించు’కూ ‘నివారణ’కూ మూలం ఒకటే, అడ్డుకోవడం, దరి చేరనీయకపోవడం అన్నది దాని మొదటి అర్థం. ‘అగ్నిప్రమాదాల నివారణ’ అన్నప్పుడు ఆ అర్థమే నిలిచి ఉంది. అయితే ‘సందేహ నివారణ’ అంటే అప్పటికే వచ్చిన సందేహాన్ని తీర్చడం. నొప్పి నివారణకు ఇచ్చే మాత్రను నొప్పి మొదలైన తరువాతే వేసుకుంటాం. రెండు అర్థాలూ వాడుకలో స్థిరపడినవే కాబట్టి ఏదీ తప్పు కాదు, కానీ వైద్య విషయాలు రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేస్తే పాఠకుడికి నిజంగా హాని జరుగుతుంది.

మీరు చూపిన వాక్యాన్నే తీసుకుందాం. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల మూత్రపిండాల్లో వచ్చే విల్మ్స్ కణితిని రాకుండా ఆపే మార్గం ఇంతవరకు తెలియదు. వచ్చిన తరువాత మాత్రం శస్త్రచికిత్సతో, కీమోథెరపీతో, అవసరమైతే రేడియేషన్‌తో, మంచి వైద్యం అందినచోట చాలామంది పిల్లలు కోలుకుంటున్నారు. దాని గురించి ‘నివారణ’ అని రాస్తే, తాము ముందే జాగ్రత్తపడి ఉంటే బిడ్డకు ఈ జబ్బు వచ్చేది కాదేమోనని, ఏ తప్పూ లేని తల్లిదండ్రులు కుమిలిపోయే ప్రమాదం ఉంది. అక్కడ ‘చికిత్స’ అనే రాయాలి. పెద్దవారికి వచ్చే మూత్రపిండ క్యాన్సర్ సంగతి వేరు: పొగతాగడం, ఊబకాయం, అధిక రక్తపోటు ఆ ముప్పును పెంచుతాయని తెలుసు కాబట్టి వాటిని అదుపు చేయడాన్ని నివారణ అనవచ్చు, అదైనా ముప్పును తగ్గించడమే తప్ప పూర్తిగా తొలగించడం కాదు. ఈశ్వరి, గాడిదగడప వంటి మొక్కల జాతిలో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండం లోపలి మూత్రమార్గంలోనూ మూత్రనాళంలోనూ క్యాన్సర్ కలిగిస్తుందని తేలాక, ఆ జాతి మూలికలతో చేసిన మందులను తైవాన్ 2003లో నిషేధించింది. అచ్చమైన నివారణ అంటే ఇది.

‘నిరోధం’ వాడకూడదా అని కొందరు అడుగుతారు. ‘అవినీతి నిరోధక శాఖ’లో అది బాగానే ఉంది కానీ, వైద్యంలో ‘ఇన్సులిన్ నిరోధకత’ వంటి చోట్ల లొంగకపోవడం అనే అర్థం పాతుకుపోయింది. నా మట్టుకు ‘రాకుండా చూడడం’ అన్న తేట తెలుగే అన్నిటికన్నా నమ్మదగినది.

‘మూత్రపిండాల ప్రాంతం’ అనడం మాత్రం సరైనదే, దాన్ని కుదించకండి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథుల్లోనూ కణితులు వస్తాయి. అవి మూత్రపిండపు కణితులు కావు. అలాగే ప్రతి కణితీ క్యాన్సర్ కాదు.

ఇక ‘గందరగోళం’. ఇంగ్లిష్ ‘కేయాస్’కు అనువాదంగా ఇక్కడ వాడిన మాట ఇది. ఆ మాట వినగానే నియమమే లేని అయోమయం స్ఫురిస్తుంది. భౌతికశాస్త్రంలో కేయాస్ అంటే అది కాదు: నియమం ఖచ్చితంగానే ఉంటుంది, కానీ ఆరంభంలోని అతి చిన్న తేడా త్వరత్వరగా పెరిగిపోయి దూరపు ఫలితాన్ని ముందే చెప్పనీయదు. పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే సంలీన పరిశోధనకు వాడే టోకమాక్ యంత్రంలో పక్కపక్కనే బయలుదేరిన రెండు అయస్కాంత బలరేఖలు కొన్ని చుట్లు తిరిగేసరికి ఎక్కడెక్కడికో విడిపోవచ్చు. క్షేత్రం కాలంతో మారకపోయినా ఇలా జరగవచ్చు. ‘కల్లోలం’ అందామా అంటే, అలల అర్థం ఉన్న ఆ మాట ప్రవాహాల అలజడికి బాగా నప్పుతుంది, దాన్ని అక్కడికే ఉంచడం మేలు. అందువల్ల ‘కేయాస్ స్వభావం గల’ అని రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించడం మంచిదని నా అభిప్రాయం.

ఆ వాక్యంలో మీరు అడగని దోషం ఇంకొకటి ఉంది. ‘వాటి నివారణ’ అన్నప్పుడు ‘వాటి’ అన్నది కణితులనే కాక అయస్కాంత క్షేత్రాలను కూడా అందుకుంటుంది. పైగా ఆ రెంటికీ కార్యకారణ సంబంధం ఉందన్న భ్రమ కలుగుతుంది. రెండు వాక్యాలుగా విడగొడితే చిక్కు తీరుతుంది: ‘కేయాస్ స్వభావం గల అయస్కాంత క్షేత్రాల మీద పరిశోధన జరుగుతోంది. వేరొక పరిశోధన మూత్రపిండాల్లోనూ వాటి చుట్టుపక్కలా వచ్చే కణితుల గురించి, అవి రాకుండా చూడడం గురించి సాగుతోంది.’