కెనడా పోవాలనుకుంటున్న చెల్లెలి కొడుక్కి పెద్దమ్మ రాసిన జాబు

చిరంజీవి నాయనకు,

ప్రొద్దుటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న మీయమ్మ ఫోన్ చేసి, నీ కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) కోసం కేసీ కాలువ కింద ఉన్న రెండెకరాలు బేరం పెట్టారని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం నీ చెవిన పడదు, మిగతా సగం మీ నాయనకు ఇంకో రకంగా అర్థమవుతుంది. అందుకే కాగితం పట్టుకుని కూర్చున్నాను. నిదానంగా చదివి, మీ నాయనకు కూడా చదివి వినిపించు.

ముందు ఆ బేరం ఆపించు. పాయింట్లు చూసి పీఆర్‌కు మనుషుల్ని ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అక్కడికి పోయాక బతకడానికి చేతిలో డబ్బుందని చూపించాల్సిన మాట నిజమే. కానీ ఆ లెక్కలోకి చేను, ఇల్లు, ఇంటి స్థలం ఏవీ రావు. సీఏ దగ్గర ఆస్తి విలువ కట్టించి రాయించుకునే కాగితాలు స్టూడెంట్ వీసాలకు పెడుతుంటారు, పీఆర్‌కు వాటితో పని లేదు. వడ్డీకి తెచ్చి నాలుగు రోజులు ఖాతాలో వేసి చూపించడమూ కుదరదు, ఆరు నెలల సగటు నిల్వ ఎంతుందో బ్యాంకు రాసివ్వాలి. అప్పు తెచ్చిన డబ్బును అసలు ఒప్పుకోరు. చేను అమ్మిన సొమ్ము నీ ఖాతాలో పడితే లెక్కకొస్తుంది, కాదనను. కానీ పీఆర్‌కు అప్లై చేయమని వాళ్ల నుంచి ఇన్విటేషన్ వస్తుందో రాదో తెలియక ముందే తాత చేను అమ్మడమెందుకు? నువ్వు ఐదేళ్లుగా బెంగళూరులో సంపాదిస్తున్నావు. నీ జీతంలో మిగిలింది ముందు లెక్క చూడు. తగ్గితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఎనిమిది లక్షలిస్తే అక్కడి కంపెనీ నుంచి జాబ్ ఆఫర్ తెప్పిస్తానని, దాంతో పాయింట్లు పెరుగుతాయని ఒకాయన చెప్పాడంట కదా. 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లు ఎత్తేశారు. అంటే ఆయన అమ్ముతున్న కాగితం నిజమైనదే అయినా నీ స్కోరు ఒక్క పాయింటు కూడా పెరగదు. అక్కడి ప్రభుత్వానికి కట్టే ఫీజు 2024లో మనిషికి 1,525 కెనడా డాలర్లు, మన డబ్బుల్లో లక్షకు అటూ ఇటూ. పరీక్ష ఫీజు, మెడికల్, సర్టిఫికెట్ల ఖర్చు వేరే ఉంటాయి. అన్నీ కలిపినా ఎనిమిది లక్షలు ఎక్కడివి? డబ్బు తీసుకుని నీ తరఫున కెనడా ఇమిగ్రేషన్‌కు అప్లికేషన్ నడిపే హక్కు ఆ దేశపు లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లకు, అక్కడి లాయర్లకు మాత్రమే ఉంది. అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో నోటరీలకూ ఉంది. లైసెన్సు నంబరు అడిగి ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. అడిగితే ముఖం మాడ్చుకునేవాడి దగ్గర కాఫీ కూడా తాగకుండా లేచి రా.

మాకు జరిగింది చెబుతాను. 2004లో మా కెనడా పీఆర్ కోసం మీ పెదనాయన హైదరాబాదులో ఒక ఆఫీసుకు డబ్బు కట్టాడు. సంతకాలు పెట్టమని ఫారాల కట్ట ఇచ్చారు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. నేను మాత్రం ఒక్కొక్క పేజీ చదువుతూ కూర్చున్నాను. ఆయన నాలుగేళ్లు పనిచేసిన చోట ఆరేళ్లని రాసి ఉంది. ఇదేమని అడిగితే, "అందరికీ ఇట్లే రాస్తామమ్మా, పాయింట్లు కలవాలి కదా" అన్నాడు అక్కడి అబ్బాయి. సంతకం పెట్టకుండా ఫారాలు బల్ల మీద పెట్టి వచ్చేశాం. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఆ తరువాత నేనే చదువుకుని, నేనే నింపి పంపాను. రెండేళ్లు దాటింది, కానీ పీఆర్ వచ్చింది. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేదో తరువాత చాలాసార్లు అనుకున్నాను. అబద్ధం పట్టుబడితే అప్లికేషన్ తిప్పి పంపడంతో ఆగదు, ఐదేళ్లు మళ్లీ అడుగుపెట్టకుండా నిషేధిస్తారు. పౌరసత్వం ఇచ్చాక బయటపడినా దాన్ని రద్దు చేయగలరు.

అందుకే నాయనా, నీకు అమెరికా స్టూడెంట్ వీసా ఒకసారి రిజెక్ట్ అయింది కదా, దాన్ని దాచొద్దు. ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని ఫారంలో అడుగుతారు. అయిందని రాస్తే నష్టం లేదు. లేదని రాస్తే నువ్వు నీ చేత్తో అబద్ధం రాసినట్టవుతుంది.

ఇప్పుడు పేర్ల సంగతి. మన సీమలో సగం మంది ఇక్కడే చిక్కుకుంటారు. నీ పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, ఆధార్, డిగ్రీ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడు. మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది. మీ నాయన పేరు ఒకచోట వెంకట సుబ్బయ్య, ఒకచోట వెంకటసుబ్బయ్య, ఇంకోచోట వి.సుబ్బయ్య. మనం ముగ్గురినీ ఒక్కడే అనుకుంటాం. ఆ పేర్లు ఎప్పుడూ వినని ఆఫీసరు ముగ్గురనుకుంటాడు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదని అర్థం) అని అచ్చవుతుంది, కెనడా వాళ్లయితే ఉన్న పేరంతా తెచ్చి ఇంటిపేరు గడిలో వేస్తారు. నా పెళ్లయ్యాక ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఒకదాంట్లో అత్తింటి పేరు ఉండి, ఇద్దరూ నేనేనని రుజువు చేసుకోవడానికి ఏడు నెలలు తిరిగాను. నీ భార్య పాస్‌పోర్టు చేయించేటప్పుడే ఏ పేరుతో ఉండాలో తేల్చుకోండి. తేడా ఎక్కడున్నా ఇప్పుడే దిద్దించు. దిద్దించలేని చోట నోటరీ అఫిడవిట్ పెట్టు.

నువ్వు మిషన్ ఆసుపత్రిలో పుట్టావు కాబట్టి బర్త్ సర్టిఫికెట్ దొరుకుతుంది. నీ భార్య పల్లెలో ఇంట్లో పుట్టింది, పంచాయతీలో రాయించి ఉండరు. ముందు వెతికించి, లేదంటే లేదని రాయించుకోవాలి. ఆలస్యంగా నమోదు చేయించాలంటే అధికారి ఉత్తర్వు కావాలి, దానికి తిరగడానికి రోజులు పడతాయి. ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.

జేఎన్‌టీయూ అనంతపురం నుంచి నీ దగ్గర సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) మాత్రమే ఉన్నాయనుకుంటాను. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ తీసుకున్నావా? చాలామంది ఉద్యోగం వచ్చిందని ఓడీ మాట మరిచిపోతారు. మన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమా అని చూసే మదింపు ఒకటుంది, ఈసీఏ అంటారు. దానికి ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీయే నేరుగా పంపాలి. నీ చేతికిచ్చిన కవరు విప్పావో, అది పనికిరాదు. ఈసీఏ ఐదేళ్లు చెల్లుతుంది, ఇంగ్లీషు పరీక్ష రెండేళ్లే. అందుకని ముందు ఈసీఏ, తరువాత పరీక్ష.

ఇంగ్లీషు పరీక్ష విషయంలో మాత్రం పట్టుదలగా ఉండు. నీకు ఇప్పుడు 28. వయసుకిచ్చే పాయింట్లు 29 దాకా నిండుగా ఉంటాయి, 30 వచ్చిన నాటి నుంచి ఏడాదికేడాది తగ్గుతూ పోతాయి. వయసును మనం ఆపలేం, ఇంగ్లీషును పెంచుకోగలం. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7 చొప్పున వస్తే కెనడా వాళ్ల భాషా కొలతలో సీఎల్‌బీ 9 అంటారు. ఆ మెట్టు ఎక్కితే భాషకే కాదు, నీ డిగ్రీకి, ఉద్యోగ అనుభవానికి కూడా పాయింట్లు జతవుతాయి. లిజనింగ్‌లో ఏడున్నర వచ్చిందని ఊరుకోవద్దు, మళ్లీ రాయి. కెనడాలోని ఏదైనా రాష్ట్రం నిన్ను నామినేట్ చేస్తే ఒకేసారి 600 పాయింట్లు కలుస్తాయి, కాబట్టి ఆ రాష్ట్రాల జాబితాల మీద కూడా కన్నేసి ఉంచు. ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లను వేరే డ్రాల్లో (ఇన్విటేషన్లు పంపే విడతల్లో) తక్కువ స్కోరుకే పిలుస్తున్నారు. నీకు భాషలు వస్తాయి, ఆలోచించు.

అనుభవం లెటర్ హెచ్ఆర్ వాళ్లు ఇచ్చే రెండు వాక్యాల కాగితంతో సరిపోదు. హోదా, చేరిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, జీతం, రోజూ చేసిన పనులు అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఉద్యోగం మానేసే రోజు అడిగితే ఎవరూ ఇవ్వరు. మంచిగా ఉన్నప్పుడే అడిగి తీసుకో. ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే గడువు. పోలీస్ క్లియరెన్స్, మెడికల్ ఆ గడువులో తేలిగ్గా అయిపోతాయి, ఈ లెటర్ దగ్గరే ఆగిపోతారు.

మీ స్నేహితుడు అమెరికా గ్రీన్ కార్డే మేలంటున్నాడట. అక్కడ ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదని పరిమితి ఉంది. మనవాళ్లు ఎక్కువ కాబట్టి వరస ఏళ్ల తరబడి కదలదు. మన రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ పోయినవాళ్లను చూడు. ముప్పై ఏళ్లు చెమటోడ్చినా అకామా (అక్కడ ఉండే అనుమతి) కఫీల్ చేతిలోనే, అంటే పిలిపించుకున్న యజమాని చేతిలోనే ఉంటుంది. పీఆర్ అంటే అది కాదు. యజమాని మారినా, పని పోయినా దేశంలో ఉండే హక్కు నీదే. నేను దానికి విలువిచ్చేది అందుకే.

పీఆర్ వచ్చాక ఒక్క పని మరవొద్దు. రోజులు లెక్కపెట్టుకో. ఐదేళ్లలో 730 రోజులు ఆ గడ్డ మీద ఉండాలి, లేకపోతే పీఆర్ చేజారుతుంది. పౌరసత్వానికైతే అప్లై చేసే ముందు ఐదేళ్లలో 1,095 రోజులు. కెనడాలో మా వంటింటి గోడకు ఇక్కడి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ వేలాడేది. దేశం దాటిన రోజు తిథి పక్కన ఎర్ర పెన్నుతో గీత, తిరిగొచ్చిన రోజు ఇంకో గీత. 2010లో మా నాయన పోయినప్పుడు నాలుగు నెలలు ఇక్కడే ఉండిపోయాను. ఆ గీతలు లేకపోతే తేదీలు గుర్తుండేవి కావు. ఆ క్యాలెండర్లు ఇప్పటికీ దాచాను.

పౌరసత్వం వేరే మాట. పీఆర్ వెంటనే అది కూడా అని పరుగెత్తొద్దు. 2012లో నేను కెనడా పౌరసత్వ ప్రమాణం చేశాను. అప్పుడు ఎలిజబెత్ రాణి పేరు మీద చెప్పించారు, ఇప్పుడు చార్లెస్ రాజు పేరు మీద. పక్కన ఎవరో అమ్మాయి ఆనందంతో ఏడుస్తోంది. నాకు మాత్రం గొంతు ఆరిపోయింది. పరాయి దేశం పౌరసత్వం కావాలని తీసుకున్న క్షణానే మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. రెండూ ఉంచుకోవడం లేదు. పాత పాస్‌పోర్టు సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ తరువాత దాని మీద ప్రయాణం చేస్తే నేరం. క్యాన్సిల్ ముద్ర వేసి నా చేతికి తిరిగిచ్చిన ఆ పాస్‌పోర్టును చీరల మధ్యన పెట్టుకున్నాను.

విదేశీ పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుతో ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఓటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం లేదు. అన్నిటికన్నా మనలాంటివాళ్లకు తగిలేది ఇంకోటి. చేను కొనలేం. వారసత్వంగా రావచ్చు, కొనడం మాత్రం లేదు. 2018లో మీ మామ నా చేను పక్కనున్న ఎకరంన్నర అమ్ముతానన్నాడు. నా దగ్గర డబ్బుంది, మనసుంది. దస్తావేజు రాసే ఆయన నా కార్డు తిరగేసి, "అమ్మా, మీకు ఇల్లు రాస్తాను, చేను రాయలేను" అన్నాడు. అప్పుడు మీ నాయన చేతిలో డబ్బు లేదు. బయటివాళ్లు కొన్నారు. మా నాయన నాటిన చింతచెట్టు ఇప్పుడు వాళ్ల గట్టు మీద ఉంది. పొద్దున నడకకు పోతే అక్కడ కాసేపు నిలబడి వస్తాను. పీఆర్‌తో విదేశంలో ఉంటే కూడా, ఎన్నారైగా చేను కొనలేవు, అది నిజమే. కానీ భారత పౌరుడిగా తిరిగొచ్చి ఇక్కడే స్థిరపడితే ఆ హక్కు మళ్లీ నీకుంటుంది. అందుకే పీఆర్ తెచ్చుకో, ఐదేళ్లకోసారి కార్డు రెన్యూ చేసుకుంటూ నీ పాస్‌పోర్టుతోనే ఉండు. పిల్లలు పుట్టి, అక్కడే ఉంటామని మీ ఇద్దరి మనసులు తేల్చుకున్నాక పౌరసత్వం గురించి కూర్చుని మాట్లాడుకోండి. అప్పుడు కావాలంటే తీసుకో, నేను వద్దనను.

మీయమ్మకు చెప్పు, కొడుకు పోతే మళ్లీ కంటికి కనబడడని బెంగపెట్టుకోవద్దని. తల్లిదండ్రులకు సూపర్ వీసా అని ఉంది, ఒక్కసారి పోతే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. ఇన్సూరెన్సు మాత్రం తప్పనిసరి.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నీ పదో తరగతి మెమో, సీఎంఎం, పీసీ, ఇద్దరి పాస్‌పోర్టులు, ఆధార్లు, పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్సే తీసుకురా, జిరాక్సులొద్దు. మీ నాయన పేరు ఎన్ని రకాలుగా రాసి ఉందో ముందు అది చూద్దాం. పొలం పాస్‌బుక్కు కూడా తెమ్మని చెప్పు, మీ తాత పేరు అందులో ఎట్లుందో నాకు గుర్తులేదు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ