మూడు కిలోల కుక్కకి అయిదో రకం ఫుడ్ కొనే ముందు

మీరు అడిగింది టూకీగా ఇదీ: పొమరేనియన్, మూడు కిలోలు, రెండేళ్లది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఆటపాటలకి లోటు లేదు. డ్రై ఫుడ్ మాత్రం వాసన చూసి వెళ్లిపోతుంది. చికెన్ కలిపి చేత్తో పెడితే నాలుగు ముద్దలు తింటుంది. ఇప్పటికి నాలుగు రకాల ఫుడ్ మార్చారు, అయిదోది ఏది కొనాలి?

కొనొద్దు. ఉన్నదే ఉంచండి. కొనాల్సింది గ్రాములు చూపించే చిన్న కిచెన్ తూకం.

చిన్న కుక్కల తిండి పేచీల్లో చాలావాటికి కారణం రుచి కాదు, కడుపులో చోటు లేకపోవడం. మనం మన కంటితో కొలిచి పెడతాం, దాని ఒంటితో కాదు. లెక్క చూడండి, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. బరువుని మూడుసార్లు గుణించండి: 3×3×3 అంటే 27. దానికి వర్గమూలం రెండుసార్లు తీయండి: ముందు 5.2, తర్వాత 2.28. దాన్ని 70తో గుణిస్తే 160. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఆ ఒంటికి రోజుకి కావలసిన కేలరీలు అవి. ఆపరేషన్ అయి, సోఫాకీ బాల్కనీకీ మధ్య తిరిగే ఎదిగిన కుక్కకి దాన్ని 1.4తో హెచ్చవేస్తే సుమారు 220. బాగా పరుగులు పెట్టేదైతే 1.6 దాకా వెళ్లొచ్చు. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో ఎక్కువగా 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి, ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 370 అనుకుంటే రోజు మొత్తానికి 60 గ్రాములు. పూటకి 30. తూకం మీద పోసి చూడండి, గిన్నె అడుగు కూడా కప్పదు. చూడగానే 'ఇంతేనా?' అనిపిస్తుంది. ఇంతే.

ఇప్పుడు గిన్నె బయట తిన్నవి కలపండి. పొద్దున రెండు బిస్కెట్లు, ఒక్కోటి 25 కేలరీలనుకుంటే 50. టీ టైములో 20 గ్రాముల చీజ్ ముక్క, 80. ఉడికించిన గుడ్డులో సగం, 38. పళ్లకి మంచిదని ఇచ్చే నమిలే పుల్ల, 50. మొత్తం 218. రోజు కోటా అయిపోయింది, గిన్నె ఇంకా పెట్టనే లేదు. ఆ చీజ్ ముక్క మనకి చిన్నదే. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి అదే నిష్పత్తిలో పెడితే 180 గ్రాముల చీజ్ ఒక్క దఫాలో మింగినట్టు. ఆ తర్వాత ఆ మనిషి అన్నం వద్దంటే పేచీ అనం కదా.

ఇంట్లో నలుగురుంటే ఇది ఎవరికీ పట్టుబడదు. తిలాపాపం తలా పిడికెడు: ఎవరికి వాళ్లు 'నేను ఒక్క ముక్కే పెట్టాను' అంటారు, అందరూ నిజమే చెబుతారు. అందుకే మూడు రోజులు ఏమీ మార్చకుండా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, పెట్టినవాళ్లు పెట్టింది రాయాలి. టైము, వస్తువు, గ్రాములు. మాత్ర మింగించడానికి వాడిన వెన్న కూడా రాయాలి. సగం జవాబు ఆ కాగితం మీదే దొరుకుతుంది.

ప్యాకెట్ మీది పట్టికల సంగతి కూడా చెప్పాలి. 'మూడు కిలోలకి ఇన్ని గ్రాములు' అని ఉండే ఆ అంకె చురుగ్గా తిరిగే కుక్కని దృష్టిలో పెట్టుకుని వేసింది, సోఫా కుక్కకి తరచూ ఎక్కువే అవుతుంది. ఆ అంకె నమ్మి పోసి, మూడో వంతు మిగిలితే 'తినట్లేదు' అని దిగులు పడేవాళ్లు చాలామంది. తింటోంది, మీరే ఎక్కువ పోశారు. కప్పుతో కొలవడం ఇంకో తలనొప్పి. తలకొట్టి పోస్తే ఒక లెక్క, గోపురంగా పోస్తే ఇంకో లెక్క. పెద్ద కుక్కకి 15 గ్రాముల తేడా లెక్కలోకి రాదు, మీదానికి అది పావు వంతు రోజు. ఇక గుళికలకి ఎరుపూ ఆకుపచ్చా రంగులద్దడం ఎవరి కోసమో ఆలోచించండి. కొనేది కుక్క కాదుగా.

తిండి సరిపోతోందో లేదో గిన్నెని కాదు, పక్కటెముకల్ని అడగాలి. మీ అరచేయి నేలకి చూసేలా చేయి చాచి, ఇంకో చేతి వేళ్లతో చేతి వెనక భాగం తడమండి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించినప్పటి మెటికల్లా పొడుచుకొస్తే చిక్కినట్టు. అరచేతి మెత్తదనంలోంచి ఎముక వెతుక్కోవలసి వస్తే, ఆ 'ఏమీ తినని' కుక్క నిజానికి ఎక్కువే తింటోంది. పొమరేనియన్‌ని కంటితో చూసి చెప్పకూడదు, ఆ జుట్టు కింద ఏదైనా దాక్కుంటుంది.

దాన్ని దారికి తెచ్చే పద్ధతి ఒకటుంది, అది మొదలెట్టే ముందు కుక్క నోరు చూడండి. చిన్న జాతుల దవడలో పళ్లు ఇరుక్కుని మొలుస్తాయి, కొన్నిసార్లు పాల పళ్లు ఊడకుండా పక్కనే ఉండిపోతాయి, మూడేళ్లు రాకముందే చిగుళ్ల జబ్బు పట్టుకుంటుంది. గుళిక నోట్లోకి తీసుకుని కింద పడేయడం, తల ఒక పక్కకి వంచి నమలడం, నోటి కంపు, మెత్తనివి మాత్రమే తినడం, ఇవి కనిపిస్తే అది మారాం కాదు, నొప్పి. గిన్నె దాకా ఆత్రంగా వచ్చి, పెదాలు నాకుతూ, చొంగ కారుస్తూ వెనక్కి తగ్గితే కడుపులో వికారం. మొన్నటిదాకా శుభ్రంగా తిని హఠాత్తుగా మానేసినా, బరువు తగ్గుతున్నా, వాంతులో విరేచనాలో ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి. యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్ లాంటి వాటిలో పుట్టుకతోనే రక్తం కాలేయాన్ని తప్పించుకుని పోయే లోపం ఉండొచ్చు. ఎదుగుదల తక్కువగా ఉండి, తిన్న తర్వాత మందకొడిగా, దిక్కు తోచనట్టు తిరిగితే ఆ పరీక్ష అడగండి.

ఇవేవీ లేవంటే, పద్ధతి చిన్నదే. రోజుకి రెండు పూటలు, టైము మారకూడదు. గిన్నె పెట్టే ముందు పావుగంట నడక. 30 గ్రాములు పోసి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు చల్లి అయిదు నిమిషాలు ఆగండి. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1700, మనకి 9000 దాకా. అది తిండిని ముక్కుతో ఎంచుకుంటుంది, వేడి తగిలితే వాసన లేస్తుంది. వెట్ ఫుడ్ అయితే ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టకండి, చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడి చేసి, బాగా కలిపి, మధ్యలో వేలు పెట్టి చూడండి. మైక్రోవేవ్‌లో అక్కడక్కడ మండిపోతుంది, ఒక్కసారి నాలుక కాలితే ఆ గిన్నె వైపు మళ్లీ రాదు. గిన్నె వెడల్పుగా, లోతు తక్కువగా, జారకుండా ఉండాలి. మెడ బిళ్ల స్టీలు గిన్నెకి తగిలి టంగుమంటే బెదిరే కుక్కలున్నాయి, తినేటప్పుడు మెడపట్టీ తీసేయండి. గిన్నె పెట్టి పక్కకి వెళ్లిపోండి. 20 నిమిషాల్లో తిన్నంత తింటుంది. మిగిలింది తీసేయండి, తిట్టొద్దు, బతిమాలొద్దు. తడిపింది మళ్లీ పూటకి దాచొద్దు. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ లేదు.

అసలు పరీక్ష రెండో రోజు సాయంత్రం. పొద్దున గిన్నె దగ్గర నాలుగైదు గుళికలు కొరికి వదిలేసింది. ఇప్పుడు మళ్లీ గిన్నె పెట్టారు. వచ్చింది, మూతి పెట్టింది, ఒక గుళిక నోట కరుచుకుని పోయి కార్పెట్ మీద పెట్టి దాన్నే చూస్తూ నిలబడింది. వదిలేసి వచ్చి మీ కాళ్ల దగ్గర కూర్చుంది. ముందుకాలు ఎత్తి మీ మోకాలి మీద వేసింది. వంటగది వైపు ఒక చూపు, మీ వైపు ఒక చూపు. ఆరో నిమిషంలో సన్నగా కుయ్ మంది. పదో నిమిషంలో ఇదివరకు ఎన్నడూ లేనట్టు మొరిగింది. పన్నెండో నిమిషంలో ఇంట్లో ఎవరో ఒకరికి గుండె కరిగి 'పాపం, ఒక్క ముక్క' అని ఫ్రిజ్ తలుపు తీస్తారు. మీరు రెండు రోజులు పడ్డ పాట్లు ఆ తలుపు చప్పుడుతో సరి. ఎప్పుడూ దక్కని దాన్ని కుక్క మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి దక్కేదాన్ని మాత్రం అస్సలు మానదు. పన్నెండు నిమిషాలు కూర్చుంటే చికెన్ వస్తుందని నేర్చుకున్న కుక్క రేపు పాతిక నిమిషాలు కూర్చుంటుంది. ఆ మొరుగు ఎక్కువైందంటే మీ పద్ధతి తప్పని కాదు, పాత కిటుకు పనిచేయట్లేదని దానికి అర్థమవుతోందని. ఆ పూట ఆ 'ఒక్క ముక్క' మనిషిని బజారుకి పంపేయండి. కుక్కకన్నా వాళ్లని దారిలో పెట్టడమే కష్టం, ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను.

చాలా కుక్కలు రెండు నుంచి అయిదు రోజుల్లో దారికొస్తాయి. ఒక హద్దు ఉంది: 24 గంటలు బొత్తిగా ఏమీ ముట్టకపోతే పంతం ఆపి డాక్టర్‌కి చూపించాలి. నీరసపడినా, నీళ్లు మానేసినా అంతసేపు కూడా ఆగొద్దు. ఇక నాలుగైదు నెలలలోపు కుక్కపిల్లలకీ, ఇన్సులిన్ మీద ఉన్నవాటికీ, జబ్బు పడ్డవాటికీ ఈ పద్ధతి వద్దే వద్దు. చిన్న జాతి పిల్లలకి కొన్ని గంటలు తిండి లేకపోయినా రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలడం, వణకడం, కళ్లు నిలబెట్టడం, ఫిట్స్. అప్పుడు తేనెగానీ చక్కెర పాకంగానీ వేలితో చిగుళ్లకి రుద్దుతూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ కుక్కపిల్లలకి రోజుకి నాలుగు పూటలు పెట్టాలి.

పొద్దున్నే పసుపు నురుగు కక్కి తిండి వద్దనే కుక్కల సంగతి వేరు. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులోకి పైత్యరసం వస్తుంది. రోజు కోటాలోంచే అయిదు గ్రాములు తీసి పడుకునే ముందు పెడితే చాలావాటికి తగ్గిపోతుంది. తగ్గకపోతే చూపించాలి.

చికెన్ కలపడం మీద నాకు పెద్ద కోపమేం లేదు, కలిపే తీరు మీదే. ముక్కలు పైన వేస్తే ఏరుకుని తిని గుళికలు ఉమ్మేస్తుంది. వేస్తే పీచులు కూడా కనపడకుండా మెత్తగా చిదిమి, వేడినీళ్లలో కలిపి, ప్రతి గుళికకీ పట్టేలా కలపాలి. మోతాదు రోజు కేలరీల్లో పదో వంతు, అంటే మీదానికి 22. ఉడికించిన చర్మం లేని చికెన్ బ్రెస్ట్ అయితే 13 గ్రాములు. ఆ రోజు ఇంకే ట్రీట్లూ ఉండవు. నాలుగు రోజులకోసారి రెండు గ్రాములు తగ్గించుకుంటూ పోతే నెల తిరక్కుండా చికెన్ లేకుండానే తింటుంది. మొత్తం చికెనూ అన్నమూ చేసేస్తే మాత్రం కాల్షియం దాదాపు ఉండదు. ఒకటి రెండు రోజులకి ఫర్వాలేదు, నెలల తరబడి పెడితే ఎముకలకే ముప్పు. వండి పెట్టాలనే ఉంటే పోషకాహారం తెలిసిన పశువైద్యుడితో కొలతలు రాయించుకోండి. వాసన కోసమని సూప్ క్యూబుల నీళ్లు పోయకండి, వాటిలో తరచూ ఉల్లి, వెల్లుల్లి పొడి ఉంటుంది, అవి కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. చక్కెర లేని వేరుశనగ వెన్నలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, కుక్కలకి అది విషం, ఇంత చిన్న ఒంటికి కొంచెం చాలు. కొవ్వు ముక్కలు, చర్మం పెడితే క్లోమం వాచే ప్రమాదం.

ఒకవేళ సంచీ తెరిచి ఆరు వారాలు దాటితే కుక్క మాటే నిజం కావచ్చు. కొవ్వు గాలి తగిలి ముక్కిపోతుంది, మన ముక్కుకి తెలిసేలోపే దానికి తెలుస్తుంది. మూడు కిలోల కుక్కకి నెలకి రెండు కిలోలు కూడా పట్టదు, పెద్ద సంచీ చవకని తెచ్చుకోవద్దు. గుళికల్ని డబ్బాలోకి ఒంపకుండా సంచీతో సహా మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టండి. పాత డబ్బా గోడలకి పట్టిన నూనె కొత్త ఫుడ్‌ని కూడా పాడుచేస్తుంది. ఈ లెక్కన కొత్త సంచీ వస్తే అదే రకం తెండి. ఏదైనా కారణంతో రకమే మార్చాల్సి వస్తే ఏడు నుంచి పది రోజులు: మొదట పావు వంతు కొత్తది, మూడో రోజుకి సగం, అయిదారు రోజులకి ముప్పావు. నాలుగుసార్లు హఠాత్తుగా మార్చినప్పుడు దాని కడుపు చెడి ఉంటే, ఆ నాలుగు వాసనల మీదా దానికి విరక్తి పుట్టి ఉండొచ్చు. మందులు దాని గిన్నెలో కలిపినా అదే జరుగుతుంది, మాత్రని వేరే టైములో వేరే చోట మింగించండి.

వారానికోసారి ఒకే టైములో, తినకముందు తూకం వేయండి. మీరు ఎత్తుకుని ఎక్కే బాత్రూమ్ తూకం దీనికి పనికిరాదు, మీదానికి 150 గ్రాములంటే ఒంటి బరువులో అయిదు శాతం, ఆ తేడా అందులో దొరకదు. పసిపిల్లల తూకం మంచిది. లేదా గట్టి సంచీలో కూర్చోబెట్టి సూట్‌కేసులు తూచే కొక్కెం తూకానికి తగిలించి, సంచీ బరువు తీసేయండి. కింద చేయి ఆన్చి నేలకి జానెడు ఎత్తులోనే తూచండి, దూకుతుంది.