నోటికొచ్చిన వత్తు చేతికి రావట్లేదు!

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. 'శాస్త్రి'లో ఏమేం వత్తులున్నాయిరా అంటే టకటకా చెప్పేస్తాడు. డిక్టేషన్‌లో మాత్రం 'శాసి' అని రాస్తాడు, వాక్యం పొడుగైతే చివరి మాటలు ఎగిరిపోతాయి. టీచరు తప్పు రాసిన ప్రతి మాటా ఇరవైసార్లు రాయిస్తున్నారు. మా అత్తగారు బాదంపప్పు పెట్టమంటున్నారు. జ్ఞాపకశక్తికి టానిక్ ఏమైనా వాడాలా?
- ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: టానిక్ వద్దమ్మా. బాదంపప్పు పెట్టండి, తింటాడు, అంతకుమించి దాన్నుంచి ఏమీ ఆశించకండి. అడిగితే చెబుతున్నాడంటే వత్తులు వాడికి వచ్చినట్టే. చిక్కల్లా రాయడం పూర్తయ్యేదాకా ఆ మాటను మనసులో నిలుపుకోవడంలో ఉంది. దీన్ని తాత్కాలిక జ్ఞాపకశక్తి అంటారు. అందులో పట్టేది చాలా తక్కువ. ఒక్కసారి వింటే పెద్దవాళ్లకైనా ఏడు అంకెలు, అటూ ఇటూగా గుర్తుంటాయని జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు 1956లో రాశాడు; పిల్లలకు ఇంకా తక్కువ.

ఇక మన లిపి సంగతి చూడండి. 'స్త్రి' అనేటప్పుడు నోరు స, త, ర మూడూ దాటాక గానీ 'ఇ' పలకదు. చెయ్యి మాత్రం చాలామందికి స రాసి, దాని మీద వెంటనే గుడి పెట్టేసి, ఆ తర్వాత కిందికి దిగి త వత్తు, ర వత్తు రాస్తుంది. అంటే చివర పలికింది ముందు రాయాలి, మధ్యలో పలికిన రెండూ అంతసేపూ గుర్తుండాలి. గుడి పడేసరికి చూడ్డానికి అక్షరం పూర్తయినట్టే ఉంటుంది, ఈలోగా టీచరు తర్వాతి మాట అందుకుంటారు, ఇక వత్తులెక్కడ నిలుస్తాయి? (ఒక్క వత్తు పోయినా శాస్త్రిగారు శాస్తిగారైపోతారు, అది వేరే కష్టం.) అక్షరం ఎలా తిప్పాలా అని ఇంకా ఆలోచించే వయసులో అయితే ఉన్న కాస్త చోటూ ఆ ఆలోచనకే సరిపోతుంది.

విన్న మాటను మనం లోలోపల అనుకుంటూనే నిలుపుకుంటాం. బ్రిటన్‌లో బాడ్లీ, హిచ్ అనే సైకాలజిస్టులు 1974 నుంచీ చెబుతున్నది ఇదే. కాబట్టి గొణుక్కుంటూ రాస్తే రాయనివ్వండి, "నోరు మూసుకుని రాయి" అనకండి. మీరు డిక్టేషన్ చెప్పేటప్పుడు వాక్యమంతా ఒకేసారి చెప్పకుండా రెండు మూడు మాటల చొప్పున చెప్పండి. కొత్త మాటైతే చూసి, పైకి అని, మూసేసి, చూడకుండా రాసి, తనే సరిచూసుకోవాలి.

ఇరవైసార్లు రాయించడం నాకు అస్సలు నచ్చదు. పిల్లలేం చేస్తారో తెలుసుగా, ముందు నిలువుగా ఇరవై 'శా'లు, తర్వాత నిలువుగా ఇరవై 'స'లు! మాట మొత్తం ఒక్కసారైనా మనసులోకి రాదు. మెమరీ గేముల యాప్‌లకూ డబ్బులు పోయకండి, ఆడగా ఆడగా ఆ ఆట బాగా వస్తుందేమో గానీ స్పెల్లింగ్ దాకా అది పెద్దగా రాదు.

ముందు ఒకసారి చెవులు, కళ్లు పరీక్ష చేయించండి. చదవడంలో కూడా తడబడుతుంటే పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. డిస్‌లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి, నిర్ధారణ అయి సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు.