కోరలు జంటగా వస్తే కాల్షియం పోస్తారా?

ప్రశ్న: బత్తాయి తోట కాపలాకు జర్మన్ షెపర్డ్ కుక్కపిల్లను తెచ్చాం. అయిదున్నర నెలలు. కోరపళ్లు ఒక్కోచోట రెండేసి ఉన్నాయి, కింది దవడ కాస్త లోపలికి ఉంది. కాల్షియం లోపమని అమ్మినతను టానిక్ ఇచ్చాడు, రోజుకు 20 మి.లీ. పోస్తున్నాం. పాలపళ్లను పట్టుకారుతో లాగేయమంటున్నాడు. మొన్న కొరికితే మా బాబు చేతికి రక్తం వచ్చింది. ఏం చేయాలి?
– ఓ రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఇది కాల్షియం లోపం కాదు. పాలకోర ఊడకముందే పక్కనుంచి అసలు కోర వచ్చేసింది. సంతలో కోడె పెదవి తిప్పి రెండు పళ్లా, నాలుగు పళ్లా అని వయసు చెప్పేస్తారు కదా మీరు. పాలపళ్లు పోయి అసలు పళ్లు రావడమనేది కోడెకు రెండేళ్లప్పుడు మొదలై నాలుగేళ్లు దాటాక ముగిసే పని, కుక్కకు మూడో నెలలో మొదలై ఏడో నెలకల్లా అయిపోతుంది. 28 పాలపళ్లు పోయి 42 వస్తాయి. కోరల వంతు 5–6 నెలల్లో. కొత్తది చిగురు దాటిందంటే పాతది ఊడిపోయి ఉండాల్సిందే.

పిల్లను ఎండలో నిలబెట్టి, నోరు మూసి ఉంచి పెదవి పక్కకు లాగి చూడండి. కింది కోర, పై కోరకు ముందున్న సందులో బయటివైపుగా ఇమడాలి. సూదిలా సన్నగా ఉన్న పాలకోర అడ్డుపడితే కింది అసలు కోర లోపలికి తిరిగి అంగిటికి గుచ్చుకుంటుంది. నోరు తెరిచి చూస్తే అక్కడ ఎర్రటి గుంట కనిపిస్తుంది. అది ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. లేకపోయినా రెండు వారాల్లో తీయించండి.

పట్టుకారు జోలికి మాత్రం వెళ్లకండి. పాలకోర వేరు బయటికి కనిపించే దానికంటే పొడవు, పెళుసు. లోపల విరిగితే చీము పడుతుంది, కొత్త కోరా దెబ్బతింటుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్లండి, మత్తు ఇచ్చి తీస్తారు. అంతకు 8 గంటల ముందు నుంచి మేత పెట్టొద్దు. తర్వాత వారం రోజులు మెత్తటి తిండి; ఎముకలు, తాడు లాగే ఆటలు వద్దు. నొప్పికని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేయకండి, కుక్క ప్రాణం మీదికొస్తుంది.

టానిక్ ఈ రోజే ఆపండి. పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైతే ఎముకలు, కీళ్లు వంకరపోతాయి. దవడ మందుతో పొడుగవదు. అది చాలావరకు పుట్టుకతో వచ్చేదే, కాబట్టి ఈ కుక్కకు క్రాసింగ్ చేయించకండి.

పళ్ల గురించి ఇంత రాశారు, టీకాల గురించి ఒక్క ముక్క లేదు! నాకు అసలు టెన్షన్ అదే. పాలపంటి గాటుకూ రేబిస్ వస్తుంది. బాబును ఇప్పుడే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) గురించీ అడగండి. కుక్కపిల్లను పది రోజులు కట్టేసి గమనించండి.

కుక్కకు రేబిస్ టీకా మూడు నెలలు నిండగానే వేయాలి, నెల తర్వాత ఒక బూస్టర్, ఆపై ఏటా. డిస్టెంపర్, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బులు) టీకా 6–8 వారాలకు మొదలుపెట్టి 16 వారాల దాకా 3–4 వారాలకోసారి. చిన్నప్పుడు డిస్టెంపర్ సోకి బతికిన కుక్కకు అసలు పళ్లు గుంటలు పడి గోధుమరంగులో వస్తాయి. దానికీ కాల్షియమే అంటారు కొందరు వ్యాపారులు! ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు గానీ, అందాకా ఆగకండి. టీకా కార్డు ఇవ్వకుండా పిల్లను, బిల్లు లేకుండా టానిక్‌ను అమ్మే మనిషి మాట మీద మందులు పోయకండి. మళ్లీ రాసేటప్పుడు కార్డులోని తేదీలు కూడా రాయండి.