ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా చందా కడితే నష్టమేమిటి?

ఎన్నేళ్లు కట్టినా సాఫ్ట్‌వేర్ మన సొంతం కాదన్నది తెలిసిందే. అసలు చిక్కు మన పాత పనితో వస్తుంది. అడోబీ కంపెనీ ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌నే తీసుకోండి. చందా ఆపేసినా ఫొటోలు చూడొచ్చు, ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు. కానీ ప్రధానంగా ఎడిటింగ్ చేసే విభాగమైన డెవలప్ మాడ్యూల్ పనిచేయదు. మనం చేసిన మార్పులు రా ఫైల్‌లో (కెమెరా ఇచ్చిన అసలు ఫైల్‌లో) కలవవు, క్యాటలాగ్‌లో, అంటే లైట్‌రూమ్ సొంత డేటాబేస్‌లో, సూచనలుగా ఉంటాయి. వేరే సాఫ్ట్‌వేర్లు వాటిని పూర్తిగా చదవలేవు. అంటే ఎప్పుడో ఎడిట్ చేసిన ఫొటోలో ఏదో ఒక్క చోట మాత్రమే నీడలు కాస్త తగ్గించాలన్నా మళ్లీ డబ్బు కట్టాల్సిందే. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఏడాది ప్లాన్‌ను నెలవారీగా కడుతూ మధ్యలో మానేస్తే అడోబీ రద్దు రుసుము కూడా వేస్తుంది. రోజూ ఎడిటింగ్ చేసేవాళ్లకు చందా గిట్టుబాటే. అప్పుడప్పుడు చేసేవాళ్లు మాత్రం, ఆపే ముందు ముఖ్యమైన ఫొటోలను 16 బిట్ టిఫ్‌గా (నాణ్యత బాగా నిలిచే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.