ఆరున్నర ఆరాధనకు మీరు, తొమ్మిదిన్నరకు ఆయన

ప్రశ్న: మాది కడప. నాకు 39 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఎనిమిది నెలల కిందట మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అప్పటి నుంచి అన్నీ నేనే. గుడికి వెళ్లడం నిలిచిపోయింది. మా ఆయన గుడిలో కీబోర్డు వాయిస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ఆల్‌నైట్ ప్రేయర్, ఆదివారం తొమ్మిదిన్నర ఆరాధన, ఏదీ తప్పరు. ఉదయం ఆరున్నరకు ఇంకో ఆరాధన ఉంది కానీ ఆ టైముకు ఆయన నిద్రలో ఉంటారు. అడిగితే "అమ్మను చూసుకోవడమే నీకు ఆరాధన, దేవుడు చూస్తాడులే" అంటారు. గుడిలో ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి వాళ్లేమో "ఆరాధన మానేస్తే ఇంటికి ఆశీర్వాదం పోతుంది" అని ఫోన్ చేసి మరీ చెప్పారు. పోయిన వారం జావ తాగిస్తుంటే అత్తమ్మ ఉమ్మేసింది. విసుగొచ్చి చెంచా నేలకేసి కొట్టాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి మోకరిస్తే నాకు ప్రార్థన రాలేదు. విచిత్రమేమంటే, నేను అంట్లు తోముకుంటూ ఏదైనా కీర్తన కూనిరాగం తీస్తే, మాట రాని ఆ మనిషి మంచం మీద నుంచి రాగం కలుపుతుంది. నేను చేసేది ఆరాధనేనా? దేవుడు నన్ను మర్చిపోయాడా?
- ఒక సోదరి, కడప

జవాబు: వందనాలమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఆయన మీద కోపం వచ్చింది. రెండోసారి చదివితే ఆయన అన్న మాట తప్పు కాదనిపించింది. అందుకే నా కోపం ఇంకాస్త పెరిగింది. నిజమైన మాటనే అడ్డం పెట్టుకుని మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం అబద్ధం చెప్పడం కన్నా సులువు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. రోమా పత్రిక 12వ అధ్యాయం మొదటి వచనంలో పౌలు మన శరీరాలనే సజీవయాగంగా ఇమ్మని, "ఇట్టి సేవ మీకు యుక్తమైనది" అంటాడు. అక్కడ "సేవ" అని మనవాళ్లు రాసిన చోట గ్రీకులో ఉన్నది ఆరాధనకు వాడే మాటే. కాబట్టి మీరు తెల్లారకముందే లేచి, వేడినీళ్లు పెట్టి, ఆమె ఒళ్లు తుడిచి, పక్క గుడ్డలు మార్చి, ఇటు నుంచి అటు తిప్పి పడుకోబెట్టడం ఆరాధనే. అందులో నాకు అనుమానం లేదు. ఇదే కడప జిల్లాలో, జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆస్పత్రి ఉంది. గుడి కట్టిన చేతులే ఆస్పత్రీ కట్టాయి. ఆదివారం డ్యూటీలో ఉండి కట్లు కట్టే నర్సును చూసి, భక్తి చల్లారిపోయిందని ఎవరైనా అంటారా?

అయితే ఆ నర్సుకు షిఫ్టు ఉంటుంది. డ్యూటీ దిగి ఇంటికి పోతుంది. మీకు ఎనిమిది నెలలుగా షిఫ్టు మారలేదు.

పాత నిబంధనలో "అవోదా" అని ఒక హీబ్రూ మాట ఉంది. దేవుని ఆరాధనకు వేసిన ప్రత్యక్ష గుడారంలో లేవీయులు చేసే సేవకూ అదే మాట, పొలం పనికీ అదే మాట. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన వెట్టిచాకిరీకి కూడా అదే మాట. చేతులు చేసే పని చూస్తే గుడారంలో సేవకూ వెట్టికీ పెద్ద తేడా కనబడదు. వెట్టిలో విశ్రాంతి లేదు, అంతే. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో దేవుడు విశ్రాంతి దినం ఎందుకో చెబుతూ, నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావని గుర్తు పెట్టుకో, నీ దాసుడూ నీ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అంటాడు. దాసీ పేరు కూడా ఎత్తి చెప్పిన దేవుడమ్మా ఆయన. మిమ్మల్ని మర్చిపోతాడా?

దేవాలయంలోనూ అంతే. యాజకులను 24 తరగతులు చేసి వంతులు వేశారు. బాప్తిస్మమిచ్చే యోహాను తండ్రి జెకర్యా తన తరగతి వంతు వచ్చినప్పుడే లోపలికి వెళ్లి ధూపం వేశాడని లూకా రాశాడు. వంతు అయ్యాక ఇంటికి వెళ్లిపోయాడు. అంత పవిత్రమైన సేవకే వంతులుంటే, మీ ఇంట్లో మంచం దగ్గర సేవకు ఎందుకుండవు?

కాబట్టి మీ ఆయనను అడగాల్సింది "నేను చేసేది ఆరాధనేనా" అని కాదు. "అది ఆరాధనే అయితే అందులో మీ వంతు ఏది" అని అడగండి. ఆమె ఆయనను కన్న తల్లి. తల్లిదండ్రులకు అందాల్సిన సాయాన్ని "కొర్బాను, ఇది దేవునికిచ్చేశాను" అని ఆపేసేవాళ్లను ప్రభువు ఎంత గట్టిగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. అలాగని ఈ వచనాన్ని ఆయన మీదికి విసరకండి. మన క్రైస్తవ ఇళ్లలో వచనాలు రాళ్లలా వాడటం బాగా అలవాటైపోయింది. ఆయన ఇంకోటి ఏరుకొచ్చి తిరిగి విసురుతారు. నేను ఇక్కడ రాశాను కదా, ఈ జవాబు టేబుల్ మీద పెట్టి ఊరుకోండి, చాలు.

మీరు చెప్పాల్సింది చిన్న మాట. "ఈ ఆదివారం ఆరున్నర ఆరాధనకు నేను వెళ్తున్నా. ఎనిమిదికల్లా వచ్చేస్తా. మీరు తొమ్మిదిన్నరకు వెళ్లండి." అనుమతి అడిగినట్టు కాకుండా, కరెంటు బిల్లు కట్టాలి అన్నంత మామూలుగా అనండి. శనివారం రాత్రి ఆల్‌నైట్ అయి ఆయన కళ్లు మూతలు పడుతున్నప్పుడు కాదు, బుధవారమో గురువారమో భోజనాల దగ్గర అనండి. నిద్ర చాలదు అంటే, ఆ వారం ఆల్‌నైట్‌కు పన్నెండు దాకా ఉండి వచ్చేయమనండి. తల్లికి స్నానం చేయించాలంటే కొడుకులకు మొహమాటం ఉంటుంది. ఆ పని మీరు ఐదింటికే ముగించండి. గంటన్నర సేపు ఆయన చేయాల్సింది మాత్ర వేయడం, జావ తాగించడం, ఒకసారి పక్కకు తిప్పడం. ముందు రోజు పక్కన నిలబెట్టి చూపించండి. మీరు ఇంట్లో లేనప్పుడు ఏదో ఒకటి ఒలికిపోతుంది. ఒలకనివ్వండి.

చెంచా సంగతికి వస్తాను. ఆమె మొండితనంతో ఉమ్మింది కాకపోవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. పల్చటి జావ గొంతులో దారి తప్పి దగ్గు తెప్పిస్తుంది. పడుకోబెట్టి పోయకుండా, వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా ఇవ్వండి. పొలమారుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి, అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పమని మీకు చెప్పే ఉంటారు. అంటే రాత్రి మీకు తెగని నిద్ర అంటూ లేదు. గాలి పరుపు వేస్తే ఆ మధ్య సమయం పెంచవచ్చేమో డాక్టరునే అడగండి. నిద్ర లేని మనిషికి ప్రార్థన రాకపోవడం భక్తి చల్లారడం కాదమ్మా. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చచ్చిపోతానని పడుకుంటే, దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. ఇంకో మాట. వారాల తరబడి ఏడుపు ఆగకపోతే, తిండి సహించకపోతే మీ కోసం కూడా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అత్తమ్మను క్షమాపణ అడగండి. మాట పోయినంత మాత్రాన మీ మాట ఆమెకు అర్థం కాదని అనుకోకండి. ఆ చెంచాతోనే జావ తాగిస్తూ "ఆరోజు తప్పైపోయింది అత్తమ్మా" అంటే చాలు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పింది ఇలాంటి వాటికే.

స్త్రీల మైత్రి వాళ్లతో వాదన వద్దు. "అక్కా, బుధవారం మధ్యాహ్నం ఒక్క గంట వచ్చి మా అత్తమ్మ దగ్గర కూర్చుంటారా, నేను కాసేపు పడుకుంటాను" అని అడగండి. వచ్చేవాళ్లు వస్తారు. రానివాళ్లు ఇక ఫోన్ చేయరు, అదీ లాభమే. పాస్టరు అయ్యగారికి కబురు పెట్టి ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం, ఇంటికి తెమ్మనండి. మంచం పట్టిన సభ్యులకు ఇంటికి వచ్చి ఇవ్వడం కొత్తేమీ కాదు, ఎవరూ అడగకపోతే ఆయనకు తట్టకపోవచ్చు. ఆమెతో పాటు మీరూ తీసుకుంటారు.

మీరు విచిత్రమని ఒక్క వాక్యంలో తేల్చేసిన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చాలామందికి మాట పుట్టేది మెదడులో ఎడమ వైపు. కుడి పక్కన పక్షవాతం వచ్చి మాట పోయిందంటే సాధారణంగా దెబ్బ తగిలింది ఆ ఎడమ వైపే. రాగానికి కుడి వైపు కూడా తోడుంటుంది. అందుకే "నీళ్లు" అని అనలేని మనిషి, చిన్నప్పటి నుంచి పాడిన కీర్తన అందుకోగలదు. పాట ఆసరాతో మాట రప్పించే పద్ధతి కూడా ఉంది. స్పీచ్ థెరపీ గురించి డాక్టరును అడగండి. మీరు గుడికి దూరమై ఎనిమిది నెలలయిందని రాశారు. మీ ఇంట్లో అంట్ల దగ్గర ఒకరు, మంచం మీద ఒకరు రోజూ పాడుతూనే ఉన్నారు.

ఆదివారం ఆరున్నరకు వెళ్లి రండి. వచ్చాక అక్కడ పాడిన కీర్తనల్లో ఆమెకు తెలిసినది ఒకటి ఎంచుకుని, అంట్లు పక్కన పెట్టి, మంచం పక్కనే కూర్చుని పాడండి. మీ ఆయన బయలుదేరడానికి ఇంకా గంట టైముంటుంది, కీబోర్డు తెచ్చి శ్రుతి ఇవ్వమనండి. ఆమె రాగం మాత్రమే అందుకుందా, మాట కూడా ఏదైనా వచ్చిందా, నాకు రాయండి.