ఒక్క చెవిలోనే మోత

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండు నెలలుగా ఎడమ చెవిలో మాత్రమే సన్నగా కీచుమని మోత. పగలు పనిలో పడితే తెలియదు, రాత్రి పడుకోగానే మొదలు. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే అవతలివాళ్ల మాట సరిగ్గా అర్థం కావట్లేదు. గులిమి ఉందేమోనని చుక్కల మందు వేశాను, తగ్గలేదు. గడ్డేమైనా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. స్కానింగ్ చేయించుకోవాలా?

జవాబు: ఫోన్ సంగతి మీరు మాటవరసకు రాసినట్టున్నారు గానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. మోత వస్తున్న చెవిలోనే వినికిడి కూడా తగ్గి ఉండొచ్చు. చెవి నుంచి అందాల్సిన శబ్దాలు తగ్గితే మెదడు తనంతట తానే మోత పుట్టించుకుంటుంది. రాత్రి చుట్టూ చప్పుడు ఉండదు కాబట్టి పెద్దగా వినిపిస్తుంది, అంతేగానీ రోగం ముదిరిందని కాదు.

రెండు చెవుల్లోనూ ఉంటే చాలాసార్లు వయసో, పెద్ద శబ్దాల మధ్య పని చేయడమో కారణం. ఒక్క చెవిలోనే అంటే మాత్రం ఎందుకో తేల్చుకోవాల్సిందే. స్కానింగ్ తర్వాత సంగతి, ముందు ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి. గులిమి ఉందా, కర్ణభేరికి చిల్లు పడిందా, దాని వెనక నీరు చేరిందా అని చూస్తారు (చిల్లు లేదని తేలేదాకా ఆ చుక్కలు ఆపేయండి). శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్, కొడితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) మోగించి నుదుటి మధ్య ఆనిస్తారు. శబ్దం ఎడమవైపే గట్టిగా వినిపిస్తే లోపం సాధారణంగా బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంటుంది, కుడివైపు వినిపిస్తే ఎడమ లోపలి చెవినో నరాన్నో అనుమానించాలి.

ఆ తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బీప్ ఎంత సన్నగా వినపడినా సరే బటన్ నొక్కడమే. రెండు చెవుల గ్రాఫుల మధ్య బాగా తేడా ఉంటే అప్పుడు ఎమ్మారై రాస్తారు, వినికిడి నరం దగ్గర గడ్డ లేదని రూఢి చేసుకోవడానికి. ఆ గడ్డ అరుదు, క్యాన్సర్ కాదు, సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఈ కారణంతో ఎమ్మారై తీయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి అలాంటిదేమీ కనబడదు.

మోత గుండె లయతో పాటు ధబ్‌ధబ్‌మని వస్తుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అప్పుడు రక్తనాళాలను చూడాలి. కళ్లు తిరుగుతున్నా చెప్పండి. ఇక వినికిడి ఉన్నట్టుండి, రెండుమూడు రోజుల్లోనే పడిపోతే మాత్రం జలుబు చేసిందిలే అని ఆగకుండా ఆ రోజే వెళ్లాలి, ఎందుకంటే దానికిచ్చే స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.

ఈలోగా నిద్ర పట్టకపోతే ఫ్యాను చప్పుడు, వాన శబ్దం లాంటివి తక్కువ సౌండులో పెట్టుకోండి. ఆడియోమెట్రీ గ్రాఫు మాత్రం పారేయకండి, మళ్లీ తీసినప్పుడు పోల్చి చూడటానికి అదే కావాలి.